ఓడడానికి ఎంపికైన బెంచీ బావ

బెంచీ బావకి సొంత పేరు లేకపోలేదు. జట్టు చొక్కా వీపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉండేది. అయితే ఆ వీపు ఎప్పుడూ కుర్చీకి ఆనుకుని ఉండటంవల్ల దాన్ని చదివే భాగ్యం ప్రేక్షకుల్లో ఎవరికీ దక్కలేదు. "మా ఇంట్లో బట్టలుతికే మిషను చదివి ఉంటుంది. దానికి కూడా నేను ఎక్కువసార్లు అవకాశం ఇవ్వలేదు పాపం. చెమట పడితే కదా!" అని తనే నవ్వుతూ చెప్పేవాడు. తన మీద తను జోకులేసుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. ఎదుటివాళ్ళు వేసేలోపు తనే వేసేసుకుంటే దెబ్బ తక్కువ తగులుతుందని అతని నమ్మకం.

బెంచీ బావ అన్న పేరు పెట్టింది బావమరిది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. అక్క పెళ్ళయిన కొత్తలో, మా బావ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడతాడని ఊదరగొట్టి స్నేహితులందరినీ స్టేడియానికి తీసుకెళ్ళాడు. మ్యాచ్ మొత్తంలో బావ కుర్చీలోంచి లేచింది ఇద్దరి కోసం. ఒకడికి నీళ్ళ సీసా అందించాడు. ఇంకొకడి తువ్వాలు కింద పడితే తీసిచ్చాడు. బయటికొచ్చాక స్నేహితుడొకడు అమాయకంగా అడిగాడు.

"ఇంతకీ మీ బావ ఏ పొజిషన్‌లో ఆడతాడ్రా?"

"బెంచీ," అన్నాడు బావమరిది.

అంతే. ఆ పేరు ఇంట్లోకొచ్చింది, వీధిలోకెళ్ళింది, చివరికి జట్టు డ్రెస్సింగ్ రూముకి కూడా చేరింది.

నిజానికి కుర్రతనంలో అతను మంచి ఆటగాడే. కాలేజీ రోజుల్లో బంతి ఎక్కడుంటే తనక్కడ ఉండేవాడు. ఎత్తు లేదు, గురి అంతంతమాత్రం, కానీ పరుగు మాత్రం ఆగేది కాదు. ఆ పరుగు చూసే జట్టు వాళ్ళు తీసుకున్నారు. తీరా చేరాక చూస్తే అక్కడ అందరూ అతనికన్నా పొడుగు, అందరూ అతనికన్నా బలవంతులు. "వాళ్ళకన్నా నాకు ముందొచ్చేది ఒక్కటే, ఆయాసం," అనేవాడు. మొదటి రెండు మూడేళ్ళు కుర్చీ అంచున కూర్చున్నాడు, పిలిస్తే దూకడానికి సిద్ధంగా. తర్వాత కొంచెం వెనక్కి జరిగాడు. తర్వాత పూర్తిగా జారగిలబడ్డాడు. ప్రాక్టీసులో కూడా మిగతావాళ్ళు నడుస్తుంటే తనూ నడవడం అలవాటు చేసుకున్నాడు. కాస్త పొట్ట కూడా వచ్చింది. "పరవాలేదు, కూర్చునే ఉద్యోగాల్లో ఇది మామూలే," అని సరిపెట్టుకున్నాడు.

ఈ వ్యవహారంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు మామగారు.

ఆయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ జట్టంటే ప్రాణం. డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా నేరుగా స్టేడియానికి వెళ్ళి, పైవరసలో నిలబడి గొంతు పోయేదాకా అరిచిన మనిషి. మర్నాడు కండక్టరుతో సైగలతో మాట్లాడేవాడట. అలాంటి మనిషికి ఆ జట్టు ఆటగాడే సంబంధంగా వస్తే ఇంకేం కావాలి? అమ్మాయిని అడిగే ముందే తను ఒప్పేసుకున్నాడు. అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనిచేసేది. ఆమె మాత్రం రెండుసార్లు కాఫీ తాగి, మాట్లాడి, నవ్వించే మనిషేనని నిర్ధారించుకున్నాకే సరేనంది. "మా నాన్న ఆటగాడనుకుని అల్లుణ్ణి చేసుకున్నాడు, నేను మనిషిని చూసి చేసుకున్నాను. మోసపోయింది మా నాన్నే," అని ఇప్పటికీ అంటుంది.

అల్లుణ్ణి ఆడించకపోయినా మామగారు మ్యాచ్‌లు మానలేదు. ఆయన మానేసింది నిచ్చెన వల్ల.

నిచ్చెన అంటే జట్టులో పెద్ద స్టారు. ఆ ఎత్తుకి ఆ పేరు పడింది. ఊళ్ళో గోడల మీదా, బస్సుల వెనకా అతని బొమ్మే. ఒకరోజు మామగారు పక్కింటివాళ్ళనీ, వాళ్ళ పిల్లల్నీ వెంటబెట్టుకుని నిచ్చెన ఆట చూపిద్దామని వెళ్ళాడు. తీరా చూస్తే నిచ్చెన మామూలు బట్టల్లో, కాలు మీద కాలేసుకుని, పాప్‌కార్న్ తింటూ కూర్చుని ఉన్నాడు. దెబ్బా లేదు, జ్వరమూ లేదు. 'విశ్రాంతి' అని మైకులో చెప్పారు. ఆడుతున్నవాళ్ళయినా ఆడారా అంటే అదీ లేదు. బంతి పోగొట్టుకున్నవాడు దాని వెనక పరిగెత్తడానికి బదులు నడుం మీద చేతులేసుకుని, పోతున్న బస్సుని చూసినట్టు చూస్తున్నాడు. ప్రతివాడూ దూరం నుంచి ఒక బంతి విసరడం, పడితే పడింది లేకపోతే లేదన్నట్టు తిరిగి రావడం.

ఇంటికొచ్చి మామగారు చెప్పులు విప్పుతూ అన్నాడు.

"అల్లుడూ, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను. ఇవాళ నాకు ఓపిక లేదు, సగం దారిలో దింపేస్తాను, మిగతాది నడిచిపోండి అని ఒక్కనాడైనా అన్నానా?"

"లేదు మామయ్యగారూ."

"మరి వీళ్ళకేం రోగం?"

 రోగం ఏమిటో బెంచీ బావకీ తెలుసు, తనకీ ఉంది. ఆ రోజు మ్యాచ్ జరుగుతున్నంతసేపూ అతను ఆలోచించింది, నిచ్చెన చేతిలో పాప్‌కార్న్ తనకీ కొంచెం పెడతాడా లేదా అని.

ఆ తర్వాత మామగారు స్టేడియం గడప తొక్కలేదు. టీవీలో పెట్టేవాడు కానీ మొదటి క్వార్టర్ అయ్యేసరికి గురక వినిపించేది. బావమరిది టీవీ కూడా చూసేవాడు కాదు. లిఫ్టు ఆగిన బిల్డింగుల్లో, పనికీ పనికీ మధ్య ఫోన్లో బంతి బుట్టలో పడ్డ నాలుగు మంచి ముక్కలు చూసి "అయిపోయింది మ్యాచ్" అనేవాడు. స్టేడియంలో ఖాళీలు పెరిగాయి. ఖాళీ కుర్చీలు టీవీలో బాగుండవని, ఉన్న కాస్త జనాన్నీ కెమెరాలో పడే వైపు కూర్చోమని బతిమాలేవారు.

ఆ సంవత్సరం సీజన్ చివరికొచ్చేసరికి జట్టు అట్టడుగుకి చేరింది. ఆఖరి మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. దానికి రెండ్రోజుల ముందు కోచ్ బెంచీ బావని తన గదికి పిలిచాడు. తీసేస్తున్నారనుకున్నాడు అతను. దార్లో ఎలా జోకేసి నవ్వుతూ బయటికి రావాలో కూడా సిద్ధం చేసుకున్నాడు.

కోచ్ కుర్చీ చూపించాడు. "కూర్చో."

"అలవాటే సార్," అని కూర్చున్నాడు.

కోచ్ నవ్వలేదు. "ఆదివారం నువ్వు ఆడుతున్నావు. మొదటినుంచీ."

 "నేనా సార్?"

"నువ్వే. నిచ్చెనకి విశ్రాంతి. మిగతా పెద్దవాళ్ళకీ విశ్రాంతే. నిన్నే నమ్ముకున్నాం," అన్నాడు కోచ్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

గదిలోంచి బయటికొచ్చినప్పుడు అతని కాళ్ళు నేల మీద లేవు. కారిడార్‌లో ఊడుస్తున్న మనిషికి నమస్కారం పెట్టాడు. కూల్‌డ్రింకుల మిషనుకి కూడా పెట్టేవాడే, ఎవరో వస్తుంటే ఆగాడు. ఇంటికెళ్ళేదాకా ఆగలేక భార్యకి షాపుకే ఫోన్ చేశాడు. ఆమె కస్టమర్ కళ్ళకి అద్దాలు పెట్టి అక్షరాలు చదివిస్తోందట. "ఏమండీ, నిజంగానా? ఒక్క నిమిషం... ఆ కింద వరస కాదండీ, పైవరస చదవండి... నిజంగానా?" అని ఇద్దరితోనూ ఒకేసారి మాట్లాడింది.

సాయంత్రం భోజనాల దగ్గర సంగతి చెప్పాడు. భార్య ముఖం వెలిగిపోయింది. మామగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అల్లుడి వైపు చూశాడు. బావమరిది ఒక్కడే ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తల గోక్కున్నాడు.

"బావా, నీకో మాట చెప్పనా? ఏమీ అనుకోకు."

"అనుకోడానికి నేనేమన్నా కొత్తవాడినా? చెప్పు."

"ఈ లీగ్‌లో ఆఖరున వచ్చిన జట్టుకి, వచ్చే సంవత్సరం కొత్త కుర్రాళ్ళలో మొదట కోరుకునే హక్కు ఉంటుంది, తెలుసుగా? ఈసారి ఎవరో అద్భుతమైన కుర్రాడు వస్తున్నాడట. వాడి కోసం మీవాళ్ళు కావాలనే ఓడిపోతున్నారు. ఆదివారం కూడా ఓడితే వాడు మీవాడే. ఓడడం ఖాయం చేసుకోవాలంటే ఎవర్ని దింపాలి?"



"ఓహో," అన్నాడు బెంచీ బావ. "అంటే జట్టు మొత్తంలో వెతికి వెతికి, ఓడిపోవడానికి అందరికన్నా అర్హుడు ఎవరని చూస్తే నేను కనిపించానన్నమాట. పోనీలే, దేన్లో అయితేనేం, ఫస్టొచ్చాను."

అందరూ నవ్వుతారనుకున్నాడు. భార్య నవ్వలేదు. కంచం ముందుకు తోసి, "వెళ్ళకండి. జ్వరమని చెప్పండి," అంది.

అతను మంచినీళ్ళు తాగాడు.  తన మీద తను ఎన్ని జోకులైనా వేసుకుంటాడు గానీ, అదే జోకు ఇంకొకళ్ళు ఎప్పట్నుంచో గంభీరంగా నమ్ముతున్నారని తెలిస్తే అది వేరే సంగతి.  అయినా గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"వెళ్తాను. ఒళ్ళు దాచుకోకుండా ఆడతాను. కోచ్‌కి వచ్చే నష్టమేం లేదులే. నేను ఎంత బాగా ఆడినా ఓడిపోతాం. ఆ విషయంలో ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశాడు."

మామగారు చెయ్యి కడుక్కుని వచ్చి, "ఎన్నింటికి మ్యాచ్?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం స్టేడియంలో జనం పలచగా ఉన్నారు. పైవరసల్లో దీపాలు కూడా వెయ్యలేదు. మామగారు, భార్య, బావమరిది కిందివరసలో, కోర్టు పక్కనే కూర్చున్నారు. ఆపేవాళ్ళు లేరు. స్పీకర్లలోంచి, వేలమంది అరుస్తున్నట్టు ముందే రికార్డు చేసిన శబ్దం వేస్తున్నారు. ఎదుటి జట్టు అట్టడుగు నుంచి రెండోది. వాళ్ళు ఓడితే ఆ అద్భుతమైన కుర్రాడు వాళ్ళకి దక్కుతాడు. అందుకని వాళ్ళూ తమ పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, మిగిలిన సరుకుని దింపారు. అంటే ఆ మధ్యాహ్నం కోర్టు మీదికి వచ్చినవి, ఓడిపోదామని ఇంట్లో గట్టిగా అనుకుని వచ్చిన రెండు జట్లు.

ఆట మొదలైంది. బంతి రాగానే బెంచీ బావ గాల్లోకి ఎగిరి విసిరాడు. అది బుట్టకి తగల్లేదు, వెనకనున్న బోర్డుకీ తగల్లేదు. గోడ పక్కన కునుకు తీస్తున్న ఫోటోగ్రాఫరు ఒళ్ళో పడింది. అతను ఉలిక్కిపడి లేచి, అలవాటుగా ఒక ఫోటో తీశాడు. ప్రేక్షకుల్లో నవ్వులు. బెంచీ బావ కూడా నవ్వి, "నిద్ర లేపడానికే వేశానండీ," అని అరిచి వెనక్కి పరిగెత్తాడు.

పరిగెత్తాడు. అదే అందరికీ వింతగా కనిపించింది. మిగతా తొమ్మిదిమందీ నడుస్తుంటే అతనొక్కడే బస్సు తప్పిపోతున్నట్టు అటూ ఇటూ పరుగు. ఎదుటి జట్టులో ఒక బట్టతల ఆటగాడు, బలమైన మనిషి, ఆశ్చర్యపోయి అడిగాడు.

"ఏంటన్నా అంత పరుగు? ఎవరన్నా తరుముతున్నారా?"

"మా మామగారు చూస్తున్నారు," అన్నాడు బెంచీ బావ రొప్పుతూ.

బట్టతల మనిషి జాలిగా తలాడించాడు. ఆ తలాడించే సందులో బెంచీ బావ అతని చేతిలోని బంతి లాక్కుని పోయాడు. బుట్ట దగ్గరికెళ్ళి వేశాడు. పడలేదు. మళ్ళీ పట్టుకుని వేశాడు. పడింది. బెంచీ బావ బుట్టకేసి ఒకసారి చూశాడు, ఇంకెవరో వేసింది పడిందేమోనని.

కాసేపటికి కోర్టు అంచు దాటిపోతున్న బంతి కోసం దూకాడు. బంతి దొరికింది, వెనక్కి విసిరాడు, తను మాత్రం ఆగలేక తన జట్టు కుర్చీల మీద పడ్డాడు. మూడు కుర్చీలూ, నీళ్ళ సీసాలూ, ఒక డాక్టరూ కలిసి కిందకొచ్చారు. సరిగ్గా తను రోజూ కూర్చునే కుర్చీ మీదే పడ్డాడు. "ఇన్నేళ్ళలో ఇంత కష్టపడి ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి," అన్నాడు డాక్టర్ని లేవదీస్తూ. పక్కనే కూర్చున్న నిచ్చెన పడీ పడీ నవ్వాడు.

ఆ గందరగోళంలో ఏ తీగ ఊడిందో, స్పీకర్లలో వేలమంది అరుపులు టక్కున ఆగిపోయాయి. హాలంతా నిశ్శబ్దం. కోర్టు మీద బూట్లు కీచుమనడం, బంతి కొట్టుకోవడం, బెంచీ బావ ఆయాసం, అన్నీ స్పష్టంగా వినిపించసాగాయి. ఆ నిశ్శబ్దంలో మామగారి గొంతు లేచింది. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, మొదట కాస్త బొంగురుగా వచ్చింది.

"వదలకు అల్లుడూ!"

బెంచీ బావ వదల్లేదు. బట్టతల మనిషి చేతిలోంచి రెండోసారి బంతి లాక్కున్నాడు. ఈసారి ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. బట్టతల మనిషికి ఎక్కడో తగిలింది. ఓడిపోవడానికి అభ్యంతరం లేదు గానీ, పొట్ట ఉన్నవాడి చేతిలో పరువు పోగొట్టుకోవడానికి అతను ఒప్పుకోలేదు. "రా, ఇప్పుడు రా," అని తనూ పరుగు మొదలెట్టాడు. అతను పరిగెత్తేసరికి అతన్ని అడ్డుకోవాల్సిన కుర్రాడు పరిగెత్తక తప్పలేదు. వాడి వెనక ఇంకొకడు. ఇలా అంటువ్యాధిలా అంటుకుని, అర్ధభాగం తర్వాత చూస్తే కోర్టు మీద పదిమందీ చెమటలు కక్కుతూ ఆడుతున్నారు. ఎవరికీ గొప్పగా రాదు. పొరపాట్లకి లెక్కలేదు. కానీ ఏ ఒక్కడూ నడవటం లేదు.

కోచ్ ముఖం పాలిపోయింది. టైమ్‌అవుట్ అడిగి ఆట ఆపించి, బెంచీ బావ భుజం మీద చెయ్యేశాడు.

"ఎందుకంత శ్రమపడతావు? ఆరోగ్యం చూసుకో. కాసేపు కూర్చో."

అతన్ని కూర్చోబెట్టి ఇంకొకణ్ణి దింపాడు. బెంచీ బావకి అది మామూలే, తువ్వాలు భుజానేసుకుని చతికిలబడ్డాడు. ఒళ్ళంతా మండుతోంది. నిజం చెప్పాలంటే కూర్చోమన్నందుకు లోపల కొంచెం సంతోషించాడు కూడా. కానీ కిందివరసలోంచి బావమరిది లేచి నిలబడ్డాడు. ఏ లిఫ్టు గుంతలోంచైనా పైఅంతస్తుకి వినపడేలా అరవడం వాడి వృత్తిలో భాగం.

"మా బావని ఆడించండి!"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఒకాయన తనూ అందుకున్నాడు, "బావని ఆడించండి!" ఇంకొకావిడ అందుకుంది. కాసేపటికి ఆ ఉన్న జనమంతా కాళ్ళతో నేలని తన్నుతూ "బావ! బావ!" అని మొదలుపెట్టారు. పండు ముసలివాళ్ళ దగ్గర్నుంచి పలక పట్టని పిల్లలదాకా అందరికీ ఒక్కసారిగా అతను బావ అయిపోయాడు. సిగ్గుతో అతను తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. చివరికి జట్టులో ఒకడు ఫౌల్స్ లెక్క మించి రూలు ప్రకారం బయటికి రావడంతో, దింపడానికి ఇంకెవరూ లేక, జట్టు మేనేజరు పళ్ళు కొరుకుతూ చూస్తుండగానే, కోచ్ అతన్ని మళ్ళీ దింపక తప్పలేదు.

ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. గెలిపించే బంతి బెంచీ బావ చేతికే వచ్చింది. కథల్లోలా అది చక్కగా బుట్టలో పడాలి. పడలేదు. అంచుకి తగిలి పక్కకి దూకింది. అతను దాని వెనకే నేల మీదికి దూకి, పడుకునే, ఎటూ చూడకుండా బంతిని తల మీదుగా వెనక్కి విసిరాడు. అక్కడ తన జట్టు కుర్రాడొకడు ఉన్నాడు. ఉన్నాడని తెలిసి విసరలేదు, ఎవడో ఒకడు ఉంటాడులే అని విసిరాడు. ఆ కుర్రాడు వేశాడు. పడింది. గంట మోగింది.

గెలిచారు.

పిక్కలు పట్టేసి బెంచీ బావ లేవలేకపోయాడు. నేల మీద పడుకుని పైకప్పు దీపాలు చూస్తుంటే నిచ్చెన వచ్చి, చంకల్లో చేతులేసి చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టాడు. డ్రెస్సింగ్ రూము దాకా అలాగే పట్టుకుని నడిపించాడు.

"నాకే దెబ్బా లేదన్నా," అన్నాడు ఉన్నట్టుండి, లోపల ఎవరూ లేని చోట. "ఆడతానన్నాను. వద్దన్నారు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఇవాళ నిన్ను చూస్తుంటే..." అని ఆగిపోయి, ఐస్ ముక్కల సంచి తెచ్చి అతని పిక్కకి కట్టాడు.

"నువ్వింకా చిన్నవాడివి. నా అంత బాగా కూర్చోవడం నీకు రావాలంటే చాలా టైము పడుతుంది. ఇప్పట్నుంచే నేర్చుకోకు," అన్నాడు బెంచీ బావ.

ఆ రోజు జట్టు తరఫున అతన్ని అభినందించినవాళ్ళు లేరు. కోచ్ "బాగా ఆడావు" అన్నాడు, ఎవరో పోయిన ఇంటికి పలకరించడానికి వచ్చిన గొంతుతో. మేనేజరు అసలు మాట్లాడలేదు. మనస్ఫూర్తిగా వచ్చి కావలించుకున్నది ఒక్కడే, ఎదుటి జట్టు కోచ్. ఆఖరి స్థానం తమకి వచ్చేసింది కదా! అద్భుతమైన కుర్రాడు వాళ్ళకే. "నీ మేలు జన్మలో మర్చిపోను బాబూ," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

బయట మామగారు ఎదురుచూస్తున్నాడు. మాట పెగల్లేదు, గొంతు పోయింది. చేతులతోనే ఏదో చెప్పాడు. భార్య అర్థం చెప్పింది. "ఆ ఆఖరి బంతి ఎందుకు మిస్సయ్యావని అడుగుతున్నారు."

మర్నాటికి ఫోన్లన్నిట్లో అతని వీడియో తిరిగింది. బంతి లాక్కున్నది కాదు, ఆఖరి విసురు కాదు. డాక్టరుతో సహా కుర్చీల మీద పడ్డ ముక్క. బావమరిది చూపించబోతే, "నాకెందుకు, నేను దగ్గరుండి చూశాను," అన్నాడు.

జట్టు అతని కాంట్రాక్టు పొడిగించలేదు. కానీ కొత్త సీజన్‌కి టికెట్లు అమ్ముడుపోక, మేనేజరే ఫోన్ చేసి పిలిచాడు. ఆటకి కాదు. స్టేడియం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళతో ఫోటోలు దిగడానికి. 'బావ' అని అచ్చేసిన చొక్కాలు కూడా దుకాణంలో పెట్టారు. అవి బాగానే పోయాయి. లోపల ఆట మాత్రం ఎప్పటిలాగే నడిచింది, నడవడమంటే నిజంగా నడవడమే. నిచ్చెన వేరే జట్టుకి వెళ్ళిపోయాడు. చొక్కా కొనుక్కున్న ఒకావిడ ఫోటో దిగుతూ అడిగింది.

"మీరెప్పుడు ఆడతారు?"

"నేనాడనండీ. నన్ను చూసి మీరు లోపలికి వెళ్తారని పెట్టారు."

"లోపల ఎవరాడతారు మరి?"

అతను ఏదో జోకు వెయ్యబోయాడు. ఒక్కటీ తట్టలేదు. తనలాంటివాడికి కూడా జోకు తట్టలేదంటే సంగతి ముదిరిందని అర్థమై, ఆ వారమే మానేశాడు.

మామగారు తనకి తెలిసినవాళ్ళతో మాట్లాడి బస్సు డిపోలో, విడిభాగాలిచ్చే కౌంటర్లో పని ఇప్పించాడు. డిపో వెనక సిమెంటు కోర్టు ఒకటుంది, రెండు వైపులా తుప్పుపట్టిన బుట్టలు. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు అక్కడ ఆడతారు. ప్రొఫెషనల్ వస్తున్నాడని తెలిసి మొదటిరోజు డ్రైవర్లూ, కండక్టర్లూ, మెకానిక్కులూ అందరూ చుట్టూ చేరారు. మామగారు గోడ మీద చోటు చూసుకుని కూర్చున్నాడు. బెంచీ బావ వీళ్ళకి కాస్త పద్ధతి నేర్పుదామన్న ఉద్దేశంతో, బంతిని తాపీగా కొడుతూ, ఎవరికి ఇద్దామా అని చుట్టూ చూస్తూ నిలబడ్డాడు. అతని మోచేతి దాకా మాత్రమే వచ్చే ఒక కండక్టరమ్మ, టికెట్ల మిషను ఇంకా నడుముకే ఉంది, అతని కాళ్ళ సందులోంచి వచ్చినట్టు వచ్చి బంతి ఎగరేసుకుపోయింది.

గోడ మీంచి గట్టిగా చప్పట్లు వినిపించాయి. చూస్తే మామగారు.

"మామయ్యగారూ, మీరు నా వైపు ఉండాలి కదా!"

"ఆ అమ్మాయి పరిగెత్తింది అల్లుడూ. నువ్వు నిలబడి చూస్తున్నావు."

"అదేనండీ ప్రొఫెషనల్ ఆటంటే," అని అరిచి, ప్యాంటు పైకి లాక్కుంటూ బెంచీ బావ ఆమె వెనక పడ్డాడు. ఆ సాయంత్రం అతని జట్టు చిత్తుగా ఓడిపోయింది. ఇంటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.